సిమ్యులేటర్‌లో కూర్చోబోయే మా మాధురికి

చిరంజీవి మాధురికి, మామయ్య ఆశీస్సులు.

ప్రయాగ్‌రాజ్‌లో మీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ శిక్షణలో థియరీ అయిపోయిందనీ, సోమవారం నుంచి సిమ్యులేటర్ అనీ అమ్మ చెప్పింది. టెన్షన్ ఉంటే ఉండనీ, లేకపోతేనే నాకు భయం.

ఒకేసారి ఎన్ని విమానాలకి దారి చూపామా అని మీ బ్యాచ్‌లో పోటీ పెట్టుకుంటారు. నువ్వు అందులో దిగకు. అక్కడ పదును పెట్టుకోవాల్సింది చెవికి. 'ఫ్లైట్ లెవెల్ 150కి దిగండి' అని, అంటే సుమారు పదిహేను వేల అడుగుల ఎత్తుకి దిగమని, నువ్వు ఇంగ్లీషులో చెప్పాక పైలట్ దాన్ని తిరిగి అప్పజెప్తాడు కదా, ఆ రీడ్‌బ్యాక్ పూర్తయ్యేదాకా మనసు ఇంకో విమానం మీదికి పోకూడదు. అతను 140 అన్నా, మన బుర్రలో 150 ఉంది కాబట్టి 150 అనే వినిపిస్తుంది.

ఈ అంకెలు ఊరికే రాయలేదు. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాల్లో ఢీకొన్న సంగతి నీకు తెలుసు. కజకిస్తాన్ విమానానికి ఇచ్చింది 150, ఎదురుగా వస్తున్న సౌదీ 747 ఉన్నది 140లో. నడుమ వెయ్యి అడుగులే. కజక్ విమానం 150 దగ్గర ఆగలేదు. 349 మంది పోయారు. అప్పటి ఢిల్లీ రాడార్ ఎత్తు చూపించేది కాదు, పైలట్ చెప్పిన మాటే కంట్రోలర్‌కి ఆధారం. ఇప్పుడు ఎత్తు స్క్రీన్ మీదే పడుతుంది. ఇచ్చిన లెవెల్‌కి దగ్గరపడుతున్నప్పుడు ఆ అంకె మీద ఓ కన్నేసి ఉంచు.

సిమ్యులేటర్‌లో పైలట్ల పాత్ర వేసే సూడో పైలట్లతో ఒక చిక్కుంది. అక్కడ కూర్చునేది మీ బ్యాచ్ వాళ్లయితే నీ యాస అలవాటై ఉంటుంది, పొల్లు పోకుండా అప్పజెప్పేస్తారు. నిజం పైలట్లతో అంత సుఖం ఉండదు. ప్రాక్టీసులో కావాలనే తప్పు అంకె చెప్పమను, కాల్‌సైన్, అదే విమానాన్ని పిలిచే పేరు, మింగేయమను, ఇద్దర్నీ ఒకేసారి మాట్లాడమను. ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పే చెయ్యండి సుమా! నీ వంతు ఆ సీట్లో పడితే ఫోన్ చూసుకుంటూ కూర్చోకు. కంట్రోలర్ ఒకే ఊపిరిలో మూడు ఆదేశాలిస్తే అవతలివాడికి ఎలా ఉంటుందో అక్కడే అర్థమవుతుంది.

రీప్లే పెట్టినప్పుడు సిగ్గుపడకుండా నీ గొంతు విను. నిమిషానికి 100 మాటలు దాటకూడదని అంతర్జాతీయ నియమం. మన ఇంట్లో ఆడా మగా ఎవరూ దాన్ని పాటించినవాళ్లు లేరు!

ఆదివారం ఫోన్ చెయ్యి. మీ అత్తయ్య పైలట్‌గా కూర్చుంటానంటోంది. రీడ్‌బ్యాక్ ఒక్కటీ సరిగ్గా చెప్పదు, నీకు కావలసిందీ అదే.

మీ మామయ్య