చిన్నవాడికి జామీను ఎవరుండాలి

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఊళ్లో జరిగిన పార్టీ గొడవలో హత్యాయత్నం కేసు పడిన మీ చిన్నవాడు, అంటే నీ తమ్ముడు, విజయవాడలో నీ ఇంట్లోనే ఉంటున్నాడని మీ అమ్మ చెప్పింది. ప్లీడరు గుమాస్తాగా కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి గనుక ముందు చట్టం సంగతి రాస్తున్నాను. నేరం చేశాడని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణముండి గానీ, శిక్ష తప్పించడానికి ఒకణ్ణి దాస్తే, పాత ఐ.పి.సి. స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షను కింద నీ మీదా కేసవుతుంది; ఇలాంటి కేసులో మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. భార్య భర్తను దాచినా, భర్త భార్యను దాచినా ఆ సెక్షను వర్తించదు గానీ, తోడబుట్టినవాళ్లకు ఆ మినహాయింపు లేదు.

తాను కర్ర ఎత్తలేదని, గుంపులో నిలబడ్డానంతేనని వాడంటున్నాడట. గుంపు ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి అందులోని ప్రతివాడూ బాధ్యుడేనని అదే సంహిత 190వ సెక్షను చెబుతుంది; కాబట్టి ఆ మాట వకీలుకు తప్ప మరెవరికీ చెప్పవద్దను. ఆ వకీలును మీరే పెట్టుకోండి. వాడి పార్టీ నాయకుడికీ వీడికీ ఒకే వకీలుంటే, ఇద్దరి దారులూ వేరైననాడు ఆయన ఫీజు ఇచ్చినవాడి వైపే చూస్తాడు. లోకం తీరే అంత.

పెద్దవాడు అవతలి పార్టీలో ఉన్నాడని ఇంటికి రావడం మానేశాడు. వాణ్ణి పార్టీ మారమనవద్దు, తమ్ముడిది తప్పు కాదనమని అడగవద్దు. పట్టాదారు పాసుపుస్తకం తీసుకుని కోర్టుకు వచ్చి, బెయిలుకు జామీను ఉండమని మాత్రం అడుగు. జామీనుదారు పూచీ పడేది వీడు వాయిదాలకు హాజరవుతాడనే గానీ, నేరం చేయలేదని కాదు. తన పార్టీవాళ్లు నిలదీస్తే పెద్దవాడు ఈ మాటే చెప్పుకోవచ్చు.

ఊళ్లో అడుగు పెట్టకూడదని కోర్టు బెయిలుకు షరతు పెట్టినా పెట్టవచ్చు. అప్పుడు మిరప కోతలు పెద్దవాడే చూడాలి. కోత ఆలస్యమై కాయ రంగు మాసి తాలుగా మారితే మిరప యార్డులో దాని ధర వేరు. కూలీల లెక్క, టిక్కీల (మిరప బస్తాల) లెక్క మీ అమ్మ చేత రాయిస్తే అన్నదమ్ములు ఒకరినొకరు అడగనవసరం ఉండదు.

చిన్నవాడు పగ మాటెత్తితే, నువ్వుండే ఊళ్లో పగబట్టిన రెండు వర్గాల సంగతే చెప్పు. 1974లో వంగవీటి రాధా, 1988 డిసెంబరు 26న ఆయన తమ్ముడు రంగా, 1979లో దేవినేని గాంధీ, 1988లోనే ఆయన సోదరుడు మురళి హత్యకు గురయ్యారు. రంగా పోయాక బెజవాడ కర్ఫ్యూలో గడిపిన రోజులు మీ అమ్మకు బాగా గుర్తు.

వకీలు కోర్టుకు బయలుదేరకముందే, సోమవారం ఉదయం ఎనిమిదింటికల్లా ఇద్దరూ ఇక్కడికి రండి. ముందస్తు బెయిలుకు వెళ్లాలో, లొంగిపోవడమే మంచిదో ఆయన చెబుతారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆధార్ కార్డు తెచ్చుకోండి. వాడి ఫోనులో ఆనాటి వీడియోలుంటే ఒక్కటి కూడా చెరపవద్దను, సాక్ష్యం మాయం చేశాడని మరో కేసు పెడతారు.

మీ మామయ్య