ఆ కొట్టు అప్పటికే మూతపడి ఉంటుంది

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ నవల మొదటి అధ్యాయాలు అందాయి, చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది. హత్య జరిగిన గదిలోకి వచ్చిన ఇన్‌స్పెక్టరు శవాన్ని వదిలేసి ముందు గోడ గడియారం వంక చూడటం బాగుంది. పొగడ్త ఇంతటితో ఆపుతాను. నువ్వు నాకు రాసింది అందుకు కాదు గదా.

నీ కథ 1939 మార్చిలో బెర్లిన్‌లో మొదలవుతుంది. ఒక యూదు నగల వర్తకుడు తన కొట్లో, తన కుర్చీలోనే తల పగిలి చచ్చిపడి ఉంటాడు. ఇనప్పెట్టె ఖాళీ. అమ్మాయ్, ఆ నెలలో అతనికి కొట్టు లేదు. 1938 నవంబరు 12న వచ్చిన ఉత్తర్వు ప్రకారం 1939 జనవరి 1 నుంచి యూదులు చిల్లర వ్యాపారం చెయ్యడానికి వీల్లేదు. పెట్టెలో నగలు కూడా ఉండవు. బంగారం, వెండి, రత్నాలు రెండు వారాల్లోగా సర్కారు తాకట్టు కొట్లలో అప్పగించమని ఫిబ్రవరి 21న ఇంకో ఉత్తర్వు వచ్చింది. పెళ్లి ఉంగరం లాంటి కొద్ది వస్తువులకే మినహాయింపు. నీ హంతకుడికన్నా ముందే ప్రభుత్వం వచ్చి ఊడ్చుకుపోయింది.

ఇదేదో తేదీ పొరపాటనుకుని 1939ని కొట్టేసి 1937 అని రాసి ఊరుకోకు. అసలు చిక్కు వేరే ఉంది. సురభి వాళ్ల నాటకంలో వెనక కోట తెర కట్టినట్టు నువ్వు యూదు ద్వేషాన్ని కథ వెనక కట్టావు. ముందు హత్య నడుస్తోంది, వెనక జెండాలు ఊగుతున్నాయి, బూట్ల చప్పుడు వినపడుతోంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. తెర మార్చేస్తే ఇదే కథ బొంబాయిలోనూ జరుగుతుంది. ఆ ద్వేషం కేసు కట్టలో కనపడాలి. ఫిర్యాదు తీసుకున్నారా లేదా, ఎవరి వాంగ్మూలం చెల్లింది, చనిపోయినవాడి ఆస్తి ఎవరి పేరుకు మారింది, ఆ కేసు తర్వాత ప్రమోషను ఎవరికొచ్చింది అన్నచోట కనపడాలి.

ఎవరికి లాభం అన్న ప్రశ్న దగ్గరే మొదలుపెట్టు. 1938 ఏప్రిల్ 26 నాటి ఉత్తర్వు ఒకటుంది. 5,000 మార్కులకు పైబడి ఆస్తి ఉన్న ప్రతి యూదూ దాని వివరాలన్నీ రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. అంటే ఎవరింట్లో ఏముందో పూర్తి జాబితా ఒక ఆఫీసు బీరువాలోకి చేరింది. ఆ ఆఫీసులో ఒక గుమాస్తా ఉంటాడు. ఆ గుమాస్తాకో బావమరిది ఉంటాడు. ఇక నీకు మచ్చ మొహం విలన్ ఎందుకు?

దేశం విడిచిపోదామన్నా పన్ను కట్టాలి, ఆస్తిలో నాలుగో వంతు. తమాషా ఏమిటంటే ఈ పన్ను నాజీలు పెట్టింది కాదు. డబ్బు దేశం దాటిపోకుండా 1931 డిసెంబరులో, వాళ్లు గద్దెనెక్కక ముందే పెట్టారు. 2,00,000 మార్కులున్న వాళ్లకు వర్తించేదాన్ని 1934లో 50,000కు దించారు. పాత కత్తికే కొత్తగా పదును పెట్టారన్నమాట. ఇలాంటివి చదువుతుంటే కథలు వాటంతటవే వస్తాయి. జెండాల వర్ణన నుంచి రావు.

జర్మనీ అంతటా యూదుల మీద దాడులు జరిగిన 1938 నవంబరు 9 రాత్రి గురించి నువ్వు అరపేజీ రాశావు. పగిలిన అద్దాలు, మంటలు, ఏడుపులు. జరిగాయి, కాదనను. దాదాపు 30,000 మంది యూదు మగవాళ్లను పట్టుకుపోయి నిర్బంధ శిబిరాల్లో పడేశారు కూడా. కానీ డిటెక్టివ్ నవల రాసేవాళ్లు మూడు రోజుల తర్వాత, 12న, హిట్లర్ మంత్రి గోరింగ్ పెట్టిన మీటింగు గురించి ఇంకా శ్రద్ధగా చదవాలి. బీమా కంపెనీల ప్రతినిధినీ పిలిచారు అక్కడికి. పగిలిన అద్దాలకు పరిహారం ఎవరివ్వాలన్నది చర్చ. చివరికి తేల్చింది ఇదీ: కొట్లు యూదులే సొంత ఖర్చుతో బాగుచేయించాలి, వాళ్లకు రావలసిన బీమా సొమ్ము సర్కారు జప్తు చేసుకుంటుంది, పైగా యూదులందరి మీదా కలిపి 100 కోట్ల మార్కుల జరిమానా. అరుపుల్లేవు, నెత్తురు లేదు, బల్ల చుట్టూ కూచుని లెక్కలు. నీ అరపేజీ తీసేసి ఇది పెట్టు.

ఇక పోలీసులు. నీ ఇన్‌స్పెక్టరు పనిచేసే అలెగ్జాండర్‌ప్లాట్జ్ కార్యాలయం ఆ రోజుల్లో ప్రపంచంలో పేరున్న చోటు. హత్యల విభాగాన్ని 1926లో ఒక పద్ధతిలో పెట్టినవాడు ఎర్నెస్ట్ గెన్నాట్. భారీ మనిషి, కేకులంటే ప్రాణం. టైపు మిషనుతో సహా దర్యాప్తు సరంజామా అంతా సర్దిన కారొకటి తయారుచేయించాడు. హత్య జరిగిన చోట ఎవరూ ఏదీ ముట్టుకోకూడదన్న పట్టింపు మనిషి. 1939 ఆగస్టులో చనిపోయాడు కాబట్టి నీ కథలో అతను కనపడొచ్చు. కాకపోతే ఒక్కసారే కనపడనివ్వు. ఇలాంటి మనిషికి చోటిస్తే కథంతా తినేస్తాడు.

నన్నడిగితే నువ్వు ఎక్కువసేపు ఆగవలసింది ఇంకో మనిషి దగ్గర. గోబెల్స్ ప్రచారం అని మన పత్రికలు ప్రతి ఎన్నికలకీ రాస్తుంటాయి. ఆ గోబెల్స్ 1926లో పార్టీ బాధ్యుడిగా బెర్లిన్ వచ్చాక ఎంచుకున్న మొదటి వేటల్లో ఒకడు బెర్న్‌హార్డ్ వైస్. యూదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి ఐరన్ క్రాస్ అనే శౌర్య పతకం తెచ్చుకున్నవాడు. 1927 నుంచి బెర్లిన్ పోలీసు ఉపాధ్యక్షుడు. గోబెల్స్ తన పత్రికలో అతన్ని అసలు పేరుతో రాసేవాడు కాదు. యూదులను వెక్కిరించడానికి వాడే ‘ఇసిడోర్’ అన్న పేరు తగిలించి, బొమ్మలు వేయించి, ఊరంతా నవ్వేలా చేశాడు. వైస్ పదే పదే కోర్టుకెక్కాడు, చాలాసార్లు గెలిచాడు. గెలిచిన ప్రతిసారీ ఆ పేరు ఇంకాస్త పాకింది. 1932 జులై 20న బెర్లిన్ ఉన్న ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు అతని ఉద్యోగం పోయింది. హిట్లర్ వచ్చాక ప్రాగ్‌కు, అక్కడినుంచి లండన్‌కు పారిపోయి 1951లో అక్కడే చనిపోయాడు. చట్టాన్ని నమ్మి, చట్టంతోనే కొట్లాడి, కేసులు గెలుస్తూనే ఓడిపోయిన పోలీసు. నీ ఇన్‌స్పెక్టరు కుర్రతనంలో ఇతని కింద పనిచేసి ఉండాలి. ఆ వెక్కిరింపు బొమ్మలు చూసి ఒక్కసారైనా నవ్వి ఉండాలి.

ఎందుకంటే ఇప్పుడు నీ ఇన్‌స్పెక్టరు మరీ కడిగిన ముత్యంలా ఉన్నాడు. 1939 దాకా ఉద్యోగంలో నిలబడ్డవాడికి అది కుదరదు. 1938 జూన్‌లో ‘పనిదొంగలు’ అన్న పేరు పెట్టి వేలమందిని పట్టుకెళ్లారు, అందులో పాత కేసులున్న యూదులు చాలామంది. ఆ పని చేసింది రహస్య పోలీసులు కాదు, నీ హీరో శాఖే. అతను ఏ కాగితం మీద సంతకం పెట్టాడో నీకు తెలియాలి. పైవాళ్లనూ చూడు. నేరపరిశోధన శాఖకు దేశం మొత్తానికీ పెద్ద అయిన ఆర్థర్ నెబె, వైస్ ఉపాధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనే, 1931లోనే, నాజీ పార్టీలో చేరిన బెర్లిన్ పోలీసు. 1931 సెప్టెంబరు 12న, యూదుల కొత్త సంవత్సరం రోజున, కుర్‌ఫుర్‌స్టెన్‌డామ్ వీధిలో యూదుల్లా కనపడ్డ వాళ్లందరినీ కొట్టించిన కేసులో ముద్దాయి కౌంట్ హెల్‌డోర్ఫ్. అప్పీలులో దాదాపు ఏ శిక్షా లేకుండా బయటపడ్డాడు. 1935లో అతనే బెర్లిన్ పోలీసు అధ్యక్షుడు. అంటే ఒకప్పుడు ఆ ఠాణాలో ఫైలున్నవాడి బల్ల మీదికే నీ హీరో ఫైలు పోవాలి. ఇంకో మెలిక ఉంది. ఈ హెల్‌డోర్ఫ్‌నే 1944లో హిట్లర్‌ను చంపడానికి జరిగిన కుట్రలో ఉన్నాడని ఉరితీశారు. మనిషి ఎంత గజిబిజిగా ఉంటాడో చూశావా? నీ నవల 1944 దాకా పోదు గనక ఆ సంగతి నువ్వు రాయక్కర్లేదు. కానీ తెలిసి ఉంటే అతన్ని రాక్షసుడిలా రాయవు.

ఇది ఇంకో మాటకు దారితీస్తుంది. నీ రెండో అధ్యాయంలో ముసలి యూదు డాక్టరు “లక్షల మందిని చంపుతారు, చూస్తుండు” అంటాడు. అతనికెలా తెలుసు? నీకు తెలుసు గనక అతనితో అనిపించావు. 1933లో జర్మనీలో యూదులు దాదాపు 5,00,000, జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ ఏప్రిల్ 7న సర్కారు ఉద్యోగాల్లోంచి యూదులను తీసేసే చట్టం వచ్చినప్పుడు, యుద్ధంలో ముందువరసలో పోరాడిన వాళ్లకు దేశాధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పట్టుబట్టి మినహాయింపు ఇప్పించాడు. మెడల్ ఉన్నవాడు హమ్మయ్య అనుకున్నాడు. 1934లో హిండెన్‌బర్గ్ పోయాడు, 1935లో యూదుల పౌరహక్కులు తీసేసిన న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి, మినహాయింపూ పోయింది. ఆ హమ్మయ్య అన్న క్షణం రాయి. పాఠకుడికి కథ ముందే తెలుసు, పాత్రకు తెలియదు. హత్య ఎవరు చేశారన్న ఉత్కంఠకన్నా ఇది బలమైన ఉత్కంఠ. నీకు ఉచితంగా దొరికింది, పాడుచేసుకోకు. అన్నట్టు ఆ డాక్టరు 1939లో తనను డాక్టరని చెప్పుకోకూడదు. 1938 సెప్టెంబరు 30తో యూదు వైద్యుల లైసెన్సులు రద్దయ్యాయి.

ద్వేషపు మాటలు కూడా నువ్వు చెడ్డవాళ్ల నోట్లోనే పెట్టావు. మంచివాళ్ల నోట్లో పెట్టి చూడు. రొట్టెల కొట్టు ఆవిడ చాలా మర్యాదగా, “మీరు పొద్దున్నే కాకుండా కాస్త జనం లేనప్పుడు వస్తే బాగుంటుందేమోనండీ” అనాలి.

మంచితనం అసలు చూపించొద్దనడం లేదు. నవంబరు 9 రాత్రి ఒరానియెన్‌బుర్గర్ వీధిలోని పెద్ద సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, నాజీ మూకలు నిప్పు పెట్టాయి. విల్‌హెల్మ్ క్రుట్స్‌ఫెల్డ్ అధికారిగా ఉన్న 16వ నంబరు ఠాణా పోలీసులు పిస్తోలు చూపించి వాళ్లను తరిమేసి, ఇది రక్షిత కట్టడమని కాగితం చూపించి, ఫైరింజను పిలిపించి మంటలార్పించారు. వీరుల ఉపన్యాసాలేం లేవు. ఒక పాత నిబంధన, దాన్ని పట్టుకుని నిలబడ్డ మనుషులు. అదే రాత్రి 1.20కి రహస్య పోలీసుల పెద్ద హెయిడ్రిఖ్ పంపిన తంతి చదివితే దాని విలువ తెలుస్తుంది. పోలీసులు అడ్డుపడకూడదు, పక్కనున్న జర్మన్ల ఆస్తికి మంటలు అంటుకోకుండా మాత్రం చూసుకోవాలి అని అందులో ఉంది.

చివరి అధ్యాయంలో న్యాయమూర్తి హంతకుడికి ఉరిశిక్ష వేస్తాడని సారాంశంలో రాశావు. నవంబరు హత్యలకు ఏం జరిగిందో చెబుతాను. పార్టీ సొంత అత్యున్నత కోర్టు 1939 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో 91 మంది చనిపోయారని లెక్క ఉంది. చంపిన పార్టీవాళ్ల మీద కేసులు చాలావరకు ఎత్తేయమన్నారు. మామూలు కోర్టుకు అప్పగించింది యూదు స్త్రీలను చెరిచినవాళ్లను, అదీ జాతిని మైలపరిచారన్న నేరానికి. ఇలాంటి చోట నీ న్యాయమూర్తి ఎక్కడినుంచి వస్తాడు?

మరి ముగింపు ఎలా అంటావు. అప్పటి రష్యా ఏలుబడిలో ఉన్న కీవ్‌లో 1911 మార్చిలో జరిగిన కేసు చదువు. పదమూడేళ్ల పిల్లాడు, ఒళ్లంతా పొడిచిన గాయాలతో గుహలో శవమై దొరికాడు. యూదులు పండగ రొట్టెల కోసం క్రైస్తవ పిల్లల నెత్తురు తీస్తారన్న శతాబ్దాల నాటి అబద్ధాన్ని పట్టుకుని ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేసే మెండెల్ బేలిస్‌ను జైల్లో వేశారు. అసలు ఆనవాళ్లు వేరా చెబెర్యాక్ అనే ఆడమనిషి చుట్టూ తిరిగే దొంగల ముఠా వైపు పోతున్నాయని చెప్పిన డిటెక్టివులు మిష్‌చుక్, క్రసోవ్‌స్కీ ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. క్రసోవ్‌స్కీ ఉద్యోగం పోయాక కూడా దర్యాప్తు వదల్లేదు. 1913లో ఎక్కువమంది రైతులే ఉన్న జ్యూరీ బేలిస్ నిర్దోషి అంది. కానీ హత్య ఆ ఫ్యాక్టరీలోనే జరిగిందన్న ప్రాసిక్యూషను మాటకు ఔననే అంది. వేరాకు, ఆ ముఠాకు ఆ హత్య కేసులో శిక్షే పడలేదు. నిజం బయటపడింది, న్యాయం సగమే దొరికింది. నీ నవలకు ఈ కొలత సరిపోతుంది. హంతకుడెవరో పాఠకుడికి తేల్చి చెప్పి తీరాలి, ఆ బాకీ డిటెక్టివ్ నవల ఎగ్గొట్టకూడదు. కోర్టు ఏం చేస్తుందన్నది వేరే సంగతి.

ఆధారాల కోసం తిరుగుతున్నానన్నావు. బెర్లిన్ పాత అడ్రసు పుస్తకాలు ఆ ఊరి గ్రంథాలయం ఇంటర్నెట్లో పెట్టింది. ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏం పనిచేసేవారో ఉంటుంది. ఒకే ఇంటిని 1932లో, 1936లో, 1939లో చూడు, పేర్లు మారడం నీకే కనిపిస్తుంది. లండన్‌లోని వీనర్ లైబ్రరీ దగ్గర నవంబరు దాడుల గురించి అప్పట్లోనే సేకరించిన 350కి పైగా వాంగ్మూలాలున్నాయి. సినిమాలు చూసి మాత్రం రాయకు, వాటిలో అందరి కోట్లూ కొత్తవే.

నగల కొట్టు తీసెయ్యి. హత్య ఒక అద్దె ఇంట్లో జరగనీ, 1939 మే నెలలో. ఏప్రిల్ 30న వచ్చిన చట్టంతో యూదు కిరాయిదారులకున్న రక్షణ పోయింది. ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే, వాళ్లను ఇంకో యూదు ఇంట్లోకి కుక్కుతారు. ఎండ పడే నాలుగు గదుల వాటా కోసం మనిషిని చంపుతారా అని ఇన్‌స్పెక్టరు అనుకోవాలి. నాలుగో అధ్యాయంలో మెట్లు కడుగుతూ ఒక్క మాట అనేసి పోయిన కాపలావాడి పెళ్లాం ఉంది చూడు, నవలంతటిలో ప్రాణమున్న మనిషి ఆవిడే. ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో, ఎవరు పెట్టెలు సర్దుతున్నారో, ఏ వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆవిడకు తెలుసు. ఆవిడ ఆ మాట ఎవరికి చేరవేసిందో నువ్వు ముందే తేల్చుకుని రాయి. ఇన్‌స్పెక్టరుకు చివరిదాకా తెలియకపోయినా ఫర్వాలేదు.

వచ్చే నెల నాకు కంటి ఆపరేషనుంది. ఆలోగా పంపగలిగితే సరే, లేదంటే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి పంపు.

ఇట్లు,
మీ బాబాయి