జెరూసలేం రాణుల చుట్టరికాలు: చిట్టికి ఉత్తరం

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులో నీకు సీటు వచ్చిందని, క్రూసేడ్లనే మతయుద్ధాల కాలపు జెరూసలేం రాజ్యంలో పెద్దింటి ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గర్వం ఎంతో, బెంగా అంతే. నా చదువు రోజుల్లో ఇదే విషయం అడిగితే మా గైడు "పెళ్ళిళ్ళూ పురుళ్ళూ చరిత్రేమిటి?" అని నాతో భూమిశిస్తు మీద పని చేయించాడు. ఆ మాట నాకు ఇవాళ్టికీ మింగుడుపడలేదు.

లాటిన్ ఇక్కడే మొదలుపెట్టు. పాత ఫ్రెంచి అక్కడికి వెళ్ళాక నేర్చుకోవచ్చు. చలికి తట్టుకునే కోటు మాత్రం అక్కడే కొనుక్కో.

ముందు ఒక్క ఇంటిని పట్టుకో. రెండో బాల్డ్విన్ రాజుకీ, ఆయన భార్య మోర్ఫియాకీ నలుగురు కూతుళ్ళు, కొడుకుల్లేరు. మోర్ఫియా మెలిటీన్ నుంచి వచ్చిన ఆర్మేనియన్ల పిల్ల. పెద్దమ్మాయి మెలిసెండ్ 1131లో భర్త ఫుల్క్‌తో కలిసి రాజ్యానికి వచ్చింది. ఆలిస్‌ని ఆంటియోక్‌కీ, హోడియెర్నాని ట్రిపోలీకీ, అంటే పొరుగునున్న క్రూసేడర్ల రాజ్యాలకు ఇచ్చారు. కడగొట్టుది యొవెటా, సన్యాసిని అయింది. ఈ నలుగురినీ ఒక కాగితం మీద పెట్టుకుంటే ఆ తర్వాత ఎవరు ఎవరి కొమ్ము కాశారో, ఎందుకు కాశారో చాలావరకు తెలిసిపోతుంది.

పేర్లతో జాగ్రత్త. మిల్లీ వంశంలో స్టెఫానీలు ఇద్దరున్నారు, అన్నదమ్ముల బిడ్డలు. ఫిలిప్ కూతురు జోర్డాన్ నది అవతలి సీమకు దొరసాని, హెన్రీ కూతురు జిబెలెట్‌కి దొరసాని. తండ్రి పేరూ, భర్తల పేర్లూ పక్కన రాయకుండా ఏ ఆడదాని పేరూ నోట్సులోకి ఎక్కించకు.

ఇక అసలు సంగతికి వస్తాను. కోర్టెనే ఇంటి ఆగ్నెస్ విషయంలో చరిత్రకారులు తరతరాలుగా చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు. ఆమె మెలిసెండ్ చిన్నకొడుకు అమాల్రిక్ భార్య. 1163లో అతనికి సింహాసనం దక్కే వేళ, ఆమెను వదిలేస్తేనే కిరీటం అన్నారు. కారణంగా రక్తసంబంధం చూపించారు. ఇద్దరి ముత్తవ్వలూ మాంలేరీ ఇంటి అక్కచెల్లెళ్ళు. మేనరికాల మధ్య పెరిగిన మనకు ఇదొక దోషమా అనిపిస్తుంది కానీ, ఆనాటి చర్చి ఏడు తరాల దాకా పెళ్ళి కూడదంది. ఆ లెక్కను 1215లో నాలుగు తరాలకు తగ్గించారు. పిల్లలిద్దరూ, సిబిల్లా, నాలుగో బాల్డ్విన్, వారసులుగానే ఉండిపోయారు. తల్లి మాత్రం బయటికి పోయింది. అంటే, కాపురం చేసి పిల్లల్ని కన్నన్నాళ్ళూ ఎవరికీ అడ్డురాని చుట్టరికం కిరీటం దగ్గర అడ్డొచ్చింది. ఇక్కడ నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1174లో కొడుకు రాజయ్యాక ఆమె మళ్ళీ కొలువులోకి వచ్చింది. మనకు ఆమె గురించి ఎక్కువగా చెప్పేది టైర్ ఆర్చిబిషప్ విలియం. అతను ఆ బాల్డ్విన్‌కి చిన్నప్పుడు చదువు చెప్పినవాడు, రాజ్యానికి ఛాన్సలర్, అంటే రాజపత్రాలు చూసే మంత్రి. ఆమె దేవుడికి గిట్టని మనిషి అనీ, దురాశాపరురాలనీ రాశాడు. 1180లో విలియం కూడా పోటీలో ఉన్న జెరూసలేం పేట్రియార్క్ పదవి, అంటే అక్కడి చర్చికి పెద్ద పదవి, హెరాక్లియస్‌కి దక్కింది. అతని వెనక ఉన్నది ఆగ్నెస్. ఆ సంగతి పక్కన పెట్టి విలియం మాటల్నే దించుకుంటూ పోయారు, తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా మురికి కలిపారు. విలియం అబద్ధాలకోరని నేననను. అతను లేకపోతే మనకు ఆ రాజ్యమే సగం కనబడదు. అసలు ఆ చుట్టరికం వివరం తనకు ఎవరు చెప్పారో కూడా దాచకుండా రాశాడు. బాగా పెద్దవయసులో ఉన్నా జ్ఞాపకం చెడని స్టెఫానీ అనే మఠాధిపతి చెప్పిందట. ఆమె ఎవరనుకున్నావు? ఆగ్నెస్ తాత మొదటి జోసెలిన్ కూతురు, అంటే ఆగ్నెస్‌కి మేనత్త. రాజ్యం చరిత్ర రాసేవాడు వంశం లెక్క కోసం ఒక ముసలావిడ దగ్గర కూర్చున్నాడు. విలియం వాక్యం ఎక్కడ కనిపించినా ఈ మాట ఎవరి నోటి నుంచి వచ్చింది, అతనికి అప్పుడు ఏం పోయింది అని అడుగు, చిట్టీ.

ఆ తర్వాత దానపత్రాల దగ్గరికి వెళ్ళు. రాజుల సొంత దస్తావేజులు మిగల్లేదు. మఠాలూ, సైనిక సన్యాసుల సంఘాలూ దాచుకున్నవే మనకు దక్కాయి. ఆగ్నెస్ తమ్ముడు మూడో జోసెలిన్ ఆస్తిని అతని కూతురు బియాట్రిక్స్, ఆమె భర్త 1220లో ట్యుటోనిక్ సంఘమనే జర్మన్ సైనిక సన్యాసులకు అమ్మారు. భూమితో పాటు కాగితాలూ వెళ్ళాయి కాబట్టే అవి బతికాయి. 1138లో తెకోవా ఊరిచ్చి బెథనీ తీసుకున్న పత్రంలో ఫుల్క్ పక్కన మెలిసెండ్ ఉంటుంది. చరిత్రకారుడు మెచ్చుకున్నా, తిట్టినా, ఆ స్త్రీ ఏ ఊరు ఎవరికి ఇచ్చిందో అందులో తెలుస్తుంది. చిన్న అక్షరాలు, కళ్ళు పాడు చేసుకోకు.

జెరూసలేం వెళ్ళి మెలిసెండ్ సమాధి చూడాలని ఉందట నీకు. జెహోషాఫాత్ లోయలో మరియమ్మ సమాధి గుడికి దిగే మెట్ల పక్కన ఉంటుంది. చూడాల్సిందే. కానీ ఇప్పుడు వద్దు. అక్కడి వార్తలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తోంది. మొండిగా బయల్దేరితే నేనూరుకోను. పరిస్థితి కుదుటపడ్డాక గైడుతో కలిసి వెళ్ళు.

పెళ్ళి మాట గురించి మీ అమ్మతో నేను మాట్లాడాను. నీ చదువయ్యే వరకు ఎత్తనంది. ఎత్తితే నాకు ఫోన్ చెయ్యి.

ఒక్కటి అడుగుతాను. అందరూ మెలిసెండ్ వెంట పడతారు, నువ్వు యొవెటాని తీసుకో. చెరలో ఉన్న తండ్రిని విడిపించడానికి పసిపిల్లని శత్రువుల దగ్గర తాకట్టు పెట్టారు. తిరిగొచ్చి సన్యాసం తీసుకుని, అక్క మెలిసెండ్ కట్టించిన బెథనీ మఠానికి అధిపతి అయింది. తల్లి బయటికి పోయాక సిబిల్లాని పెంచింది ఆ పిల్ల బామ్మ మెలిసెండ్‌కి చెల్లెలైన ఈ యొవెటాయే. ఆమె మీద మొదటి అధ్యాయం రాయగానే, బాగుందా లేదా అని చూసుకోకుండా నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ