అత్తగారి మోకాలే దిక్సూచి

ప్రయాణాల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఓడ ప్రయాణం చేయాలని ముచ్చట పడుతున్నాం. ఆరుగురం: నేను, మావారు, తొమ్మిదేళ్ల అబ్బాయి, పద్నాలుగేళ్ల అమ్మాయి, అత్తమామలు. మామగారికి 74, అత్తగారికి 70. ఆమెకు మోకాళ్ల నొప్పులు. చెన్నైలో ఎక్కాలా, సింగపూర్ వెళ్లి ఎక్కాలా అన్న దగ్గరే ఆగిపోయాం. సింగపూర్ నుంచి మూడు రాత్రులైతే మలేసియాలోని పెనాంగ్ ఒక్కటే, నాలుగు రాత్రులైతే థాయిలాండ్‌లోని ఫుకెట్ కూడా చూడవచ్చట. పిల్లలు డిస్నీ ఓడ అని పట్టుబడుతున్నారు. మావారు అన్నిటినీ పోలుస్తూ వేసిన పట్టిక జత చేస్తున్నాను. చూసినకొద్దీ అయోమయంగా ఉంది. ఏది మేలు?
– ఒక కోడలు, తిరుపతి

జవాబు: పట్టిక చూశానమ్మా. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నదాన్ని, మీవారి పనితనానికి ముచ్చటేసింది. ఈతకొలనులు ఎన్ని, భోజనశాలలు ఎన్ని, గది ఎన్ని చదరపు అడుగులు, అన్నిటికీ గడులున్నాయి. అత్తగారి మోకాలికి మాత్రం గడి లేదు. నేనైతే ఆ గడితోనే మొదలుపెడతాను.

ఎందుకంటారా? ఓడ ఊరి దగ్గర ఆగడం రెండు రకాలు. రేవు గట్టుకు ఆనుకుని నిలిచిందంటే, వాలుగా వేసిన వంతెన మీద నడుచుకుంటూ దిగిపోతాం, చక్రాల కుర్చీ కూడా దిగుతుంది. లేదా ఒడ్డుకు దూరంగా లంగరు వేసి, జనాన్ని చిన్న పడవల్లో చేరవేస్తారు. ఫుకెట్‌లో పెద్ద ఓడలు పటాంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి చేసేది ఈ రెండో పనే. ఏ ప్రకటనలోనూ ఈ మాట పెద్ద అక్షరాల్లో ఉండదు.

మా అక్కతో వెళ్లినప్పుడు నాకూ తెలియదు. ఉదయం ఓడ అడుగు అంతస్తులో, పక్కగోడకు తెరిచిన తలుపు దగ్గర వరసలో నిలబడ్డాం. ఎదురుగా చిన్న పడవ. ఒక క్షణం గడపకు సమంగా వస్తోంది, మరుక్షణం జానెడు కిందికి జారుతోంది. మధ్య సందులో ముదురాకుపచ్చ నీళ్లు. ఇద్దరు సిబ్బంది చెరో మోచేయీ పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణం చూసి ఒక్కొక్కరినే దాటిస్తున్నారు. వాళ్లు బాగానే పట్టుకున్నారు, తప్పు లేదు. కానీ అరవై దాటాక కూడా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మా అక్క, ఆ ఒక్క అడుగు దగ్గర ఆగిపోయింది. ఆ సందులోకి చూసి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, మళ్లీ తొడుక్కుని, "నువ్వు వెళ్లిరా, నేను పైనుంచి చూస్తాను" అంది. నేను వెళ్లి ఎండలో అంగళ్లు తిరిగి, రెండు టోపీలు కొనుక్కుని వచ్చాను. ఆమె పైఅంతస్తులో నీడన కూర్చుని ఆ పడవ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టిందట. పదిహేడు.

పైగా మీరు వెళ్లేది వేసవి సెలవుల్లో. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకు ఫుకెట్ పడమటి తీరంలో అలలు ఎక్కువ. అల మరీ లేస్తే చిన్న పడవలు నడపరు, ఆ ఊరు చూడకుండానే ఓడ ముందుకు సాగిపోతుంది. ఆ నాలుగో రాత్రికి మీరు కట్టే డబ్బు ఈ పందెం మీద పెట్టినట్టే.

పెనాంగ్ అలా కాదు. అక్కడ ఓడ జార్జ్‌టౌన్‌లోని స్వెటెన్‌హామ్ రేవు గట్టుకే ఆనుకుని నిలుస్తుంది. దిగితే ఊళ్లో ఉన్నట్టే. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చిన పాత పట్టణం అది. కార్న్‌వాలిస్ కోట పక్కనే. కాస్త నడిస్తే లిటిల్ ఇండియా, పూలమాలల అంగళ్లు, ఇడ్లీ పొగలు. అక్కడే క్వీన్ వీధిలో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి. మీ అత్తగారిని ఆ గోపురం ముందు దింపితే మిగతా రోజంతా మిమ్మల్ని ఏమీ అడగరు. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి ముందు అక్కడికి, తర్వాత మిగతాచోట్లకు. ఆమె నడవలేకపోతే ఎక్కడికక్కడ టాక్సీ దొరుకుతుంది.

కొన్ని ఓడలు పెనాంగ్ బదులు 'కౌలాలంపూర్' అని రాసి పోర్ట్ క్లాంగ్‌లో ఆపుతాయి. రేవు నుంచి కౌలాలంపూర్ సుమారు 40 కిలోమీటర్లు. ఆ ఊరి దగ్గరి బతూ గుహల ముందు నిలబడ్డ బంగారు రంగు మురుగన్ విగ్రహం చూడదగ్గదే, పైన గుడికి మాత్రం 272 మెట్లు. బస్సులో పోనూరానూ సగం పూట చెల్లు. మీ ఇంటికి అది వద్దు.

ఇక ఓడలు. చెన్నై నుంచి 2022లో మొదలైన కార్డీలియా వారి ఎంప్రెస్ మనకు దగ్గర. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌లో దిగితే రేవుకు ఆటోలో వెళ్లేంత దూరం. విమానం ఖర్చు లేదు, దేశంలోనే తిరిగితే వీసా లేదు, మన భోజనం. 1990లో కట్టిన ఓడ, పాతికేళ్లకు పైగా విదేశాల్లో తిరిగి మన దగ్గరికి వచ్చింది. పరిమాణం సుమారు 48 వేల టన్నులు. ఈ టన్ను బరువు కాదు, ఓడలోపల ఎంత చోటుందో చెప్పే కొలత. సింగపూర్ నుంచి తిరిగే గెంటింగ్ డ్రీమ్ లక్షా యాభై వేల టన్నులు, కొన్నేళ్లు అక్కడి నుంచే తిరిగిన రాయల్ కరీబియన్ వారి స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్ లక్షా అరవై తొమ్మిది వేలు. ఇంట్లోవాళ్లకు అసలు ఓడ పడుతుందో లేదో తెలుసుకోవడానికి చెన్నై ఓడ మంచిదే. కానీ అది అన్ని నెలల్లోనూ చెన్నైలో ఉండదు. మన సెలవుల తేదీలకు ఏ రేవులో ఉంటుందో చూసుకున్నాకే ఆశపడండి. ఆ ఓడ ఎక్కేది విశాఖ చూడటం కోసమే అయితే మనకు తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది.

ఒక మాట. కాగితం మీద రాసిన ఊళ్లన్నీ చూపిస్తామని ఏ ఓడ కంపెనీ హామీ ఇవ్వదు. 2022 జూన్‌లో ఈ ఎంప్రెస్‌కే పుదుచ్చేరిలో ఆగడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. గాలివానైనా, అనుమతి రాకపోయినా దారి మారుతుంది. టిక్కెట్టు షరతుల్లో అదంతా రాసే ఉంటుంది, మనం చదవం.

డిస్నీ అడ్వెంచర్ రెండు లక్షల టన్నులు దాటిన ఓడ. సింగపూర్‌లో ఎక్కి మూడు లేదా నాలుగు రాత్రులు సముద్రం మీదే తిరిగి మళ్లీ సింగపూర్‌లోనే దిగాలి. మధ్యలో ఏ ఊళ్లోనూ ఆగదు. మోకాలి లెక్కలో దీనికి నూటికి నూరు వేయాలి. మీ అబ్బాయికి పండగే. కానీ పద్నాలుగేళ్ల అమ్మాయి రెండో రోజుకే బొమ్మలు పిల్లలకని మొహం తిప్పుకోవచ్చు. మామగారు "ఇంత దూరం వచ్చి ఒక్క ఊరూ చూడలేదు" అని ఇంటికొచ్చాక ఏడాదిపాటు అంటారు. మీ మామగారు అలాంటివారు కాకపోతే క్షమించండి, మా మామగారు అలాగే అనేవారు.

నన్ను తేల్చి చెప్పమంటే, మూడు రాత్రుల పెనాంగ్. గెంటింగ్ డ్రీమ్ అయినా, మీ తేదీలకు సింగపూర్‌లో ఉంటే రాయల్ కరీబియన్ ఓడ అయినా. రెండో కంపెనీకి చెందిన క్వాంటమ్ తరగతి ఓడల్లో గాజు గదిలో కూర్చోబెట్టి సముద్రానికి దాదాపు 90 మీటర్ల ఎత్తుకు లేపే నార్త్ స్టార్ ఉంటుంది. దాంట్లో ముసలివాళ్లు కూడా హాయిగా కూర్చోవచ్చు. గాలి గొట్టంలో తేలే ఆట పిల్లలకు. ఆకుకూర పప్పు ముఖ్యమైతే గెంటింగ్ డ్రీమ్. మిగిలిన రోజును సింగపూర్‌లోనే గడపండి, అదీ ఓడ ఎక్కే ముందురోజు. చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం. అది ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు.

ఇప్పుడు నా కౌంటరుకు రండి. పట్టికలో మీవారు రాసినది గదిలో ఇద్దరున్నప్పుడు తలకు పడే ధర. దాని మీద రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే సేవారుసుము, విమానం, వీసా, బీమా, ఇంటర్నెట్ చేరేసరికి తడిసి మోపెడవుతుంది. సేవారుసుమే చూడండి. మేము ఎక్కిన ఓడలో రోజుకు తలకు 18.50 డాలర్లు, పసిపిల్లలకైనా అంతే. ఆరుగురికి నాలుగు రాత్రులైతే 444 డాలర్లు. మూడు రాత్రులైతే 333. ఇది టిక్కెట్టు ధరలో కలిసి ఉందో లేదో ముందే అడగండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు, అది రిటర్నులో సర్దుబాటవుతుంది కాబట్టి రశీదు దాచండి.

గదుల విషయంలో లోభించవద్దు, దుబారా చేయవద్దు. బాల్కనీ గది ఒకటి అత్తమామలకు, మనవరాలిని వాళ్లతో ఉంచండి. ఎదురుగా కిటికీ లేని గది మీ ముగ్గురికి. ఆ గదిలో దీపం ఆర్పితే ఉదయం తొమ్మిదైనా అర్ధరాత్రే, అబ్బాయి హాయిగా నిద్రపోతాడు. సముద్రం చూడాలనిపిస్తే అత్తగారి బాల్కనీ ఎటూ ఉంది. లిఫ్టుకు దగ్గరగా గదులు అడగండి. ఇంత పెద్ద ఓడలో గది నుంచి భోజనశాలకు నడకే ఒక ఊరు దాటినట్టుంటుంది.

సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదే అయి ఉండాలి. ఓడ మలేసియా వెళ్లి తిరిగి రావడంతో రెండోసారి దేశంలోకి అడుగుపెట్టినట్టు లెక్క. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లను 30 రోజుల లోపు వీసా అడగడం లేదు. అయినా వెళ్లేముందు మరోసారి చూసుకోండి, ఇలాంటివి మారుతుంటాయి. అందరి పాస్‌పోర్టులకూ ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉందో లేదో, టిక్కెట్టు మీద అచ్చం అలాగే పడిందో లేదో ఇవాళే చూడండి. మన ఊళ్లో పెద్దావిడల కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట అసలు లేకుండా ఉంటుంది. దిద్దించాలంటే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే పని, కానీ రోజులు పడుతుంది.

వైకుంఠం కంపార్టుమెంట్లలో కూర్చున్నవాళ్లం, ఓడ ఎక్కే వరస మనకొక లెక్కా! కాకపోతే పెట్టెలు రేవు గుమ్మం దగ్గరే తీసుకుంటారు, సాయంత్రానికి గాని గదికి రావు. మామగారి మాత్రలు చేతిసంచిలో ఉంచండి. ఓడ కదలగానే ఫోన్లన్నీ విమానం గుర్తు నొక్కి పెట్టేయండి. మా ఆయన ఫోను సముద్రం మీది నెట్‌వర్కును దానంతటదే పట్టుకుని, మూడు రోజుల్లో మా ఇంటి ఏడాది కరెంటు బిల్లంత వాయించింది.

ప్రశ్న: నాకు ఘాట్ రోడ్డు మీద బస్సెక్కితేనే వాంతులు. ఓడ పడుతుందా?
– చిత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఘాట్ రోడ్డు కంటే నయం. పెద్ద ఓడలకు ఇరువైపులా నీటిలో రెక్కలుంటాయి, ఊగిసలాట తగ్గిస్తాయి. సుమత్రాకూ మలేసియాకూ నడుమ ఉన్న మలక్కా జలసంధి ఇరుకైనది, అక్కడ పెద్ద అలలు తక్కువ. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం, అప్పుడు చెన్నై వైపు ప్రయాణం పెట్టుకోవద్దు. గది కింది అంతస్తుల్లో, ఓడ పొడవుకు నడిమధ్యన తీసుకోండి. ఊయల బల్లకు చివర కూర్చున్నవాడికి ఊపు ఎక్కువ, నడుమ ఉన్నవాడికి తక్కువ. మాత్ర ఏదైనా మీ డాక్టరును అడిగే వేసుకోండి. ఓడలో వైద్యుడుంటారు, ఫీజు మాత్రం విదేశీ లెక్కలో ఉంటుంది.

ప్రశ్న: ఓడలో కాసినో ఉంటుందట. మావారిని ఎలా ఆపడం?
– పేరు వద్దు, పుత్తూరు

జవాబు: చెన్నై నుంచైతే తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటేదాకా తెరవరు. అంటే 22 కిలోమీటర్లు, కింది నుంచి కొండమీదికి వెళ్లేంత దూరం. అప్పటిదాకా మీకు భయం లేదు. ఆ తర్వాత ఖర్చంతా గది కార్డు మీదే నడుస్తుంది. ఎక్కగానే కౌంటరులో చెప్పి ఆ కార్డుకు పరిమితి పెట్టించండి. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు.

ప్రశ్న: మేము ఉల్లి, వెల్లుల్లి తినం. ఆవకాయ, రైస్ కుక్కర్ పట్టుకెళ్లవచ్చా?
– శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె మూడూ నిప్పు భయంతో తీసేసుకుంటారు, దిగేటప్పుడు ఇస్తారు. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనానికి మీరు జైన భోజనం అని అడగాలి. ఎంప్రెస్‌లోనూ, గెంటింగ్ డ్రీమ్‌లోనూ దొరుకుతుంది. బుక్ చేసేటప్పుడే రాయించి, ఎక్కిన రోజు భోజనశాల పెద్దతో మళ్లీ చెప్పండి. జైన భోజనంలో బంగాళాదుంప కూడా ఉండదు, పిల్లలకు ముందే చెప్పి పెట్టండి.

ఇంటి వంటకాలు సాధారణంగా రానివ్వరు. మా అక్క ఆవకాయ సీసాను చీరల మధ్య చుట్టిపెట్టింది. తనిఖీ యంత్రంలో అది నల్లగా, గుండ్రంగా కనబడేసరికి పెట్టె పక్కకు లాగి, నలుగురిలో విప్పించారు. చీర మడతకు నూనె మరక. ఆ కుర్రాడు సీసా మూత తీసి వాసన చూసి, తల తిప్పి, తుమ్మి, చెత్తబుట్టలో వేశాడు. సీలు వేసిన కందిపొడి పొట్లాలు మాత్రం వదిలేశాడు. మీరు అవే తీసుకెళ్లండి, నెయ్యి అక్కడ అడిగితే ఇస్తారు.