పాపకు సీలియాక్ ఉంటే తమ్ముడికి జీన్ టెస్టు చేయించాలా?

అక్కా, పాపకు సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేలింది, నాలుగేళ్ల బాబుకూ జీన్ టెస్టు చేయించాలా, ఇప్పటికే ఇంట్లో అందరికీ గోధుమపిండి బంద్ పెట్టేశాం అని అడిగారు. చేయించండి. గోధుమ మానేశారు కాబట్టి మీకు ముందు పనికొచ్చేది ఈ టెస్టే.

దీనికి తిండితో సంబంధం లేదు. గోధుమ మానేసి ఏడాదైనా ఫలితం మారదు, పరగడుపున పోనక్కర్లేదు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 2-3 మిల్లీలీటర్ల రక్తం చాలు. జన్మకు ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది. నల్గొండలో రక్తం ఇచ్చినా శాంపిల్ హైదరాబాద్‌కో ఇంకా దూరమో పోతుంది, రిపోర్టు మర్నాడే రాదు.

చీటీ మీద ఉత్తగా 'హెచ్ఎల్ఏ' (రోగనిరోధక శక్తికి చెందిన జీన్ల గుంపు) అని ఉంటే ఒప్పుకోకండి. నడుంనొప్పి, కీళ్లవాతం వాళ్లకు చేసే హెచ్ఎల్ఏ బీ27 వేరు, కిడ్నీ మార్పిడికి చేసేది వేరు. 'సీలియాక్ కోసం హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8' అని పూర్తిగా రాయించుకోండి. రిపోర్టులో డీక్యూఏ1, డీక్యూబీ1 అనే రెండు జీన్లూ వస్తాయా అని పైసలు కట్టకముందే అడగండి. అసలు రిస్క్ డీక్యూఏ1*05, డీక్యూబీ1*02 రెండూ కలిసిన డీక్యూ2.5తో ఉంటుంది, ఒకదాన్నే చూసి 'డీక్యూ2 ఉంది' అని రాస్తే సగమే తెలిసినట్టు.

డీక్యూ2, డీక్యూ8 జీన్ల జాడే లేదని వస్తే బాబుకు సీలియాక్ దాదాపు రాదు. మళ్లీ మళ్లీ సూది పొడిపించే బాధ తప్పుతుంది, చపాతీ నిశ్చింతగా పెట్టొచ్చు. ఈ టెస్టు విలువంతా ఇక్కడే. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉందని కాదు. చాలా దేశాల్లో 100 మందిలో 30-40 మందికి ఈ జీన్లు ఉంటాయి, ఆ జీన్లున్న ప్రతి 100 మందిలో జబ్బు వచ్చేది సుమారు ముగ్గురికే. తోబుట్టువుకు ఉంది కాబట్టి మీ బాబు రిస్క్ అంతకన్నా ఎక్కువ, 100కి 10 లేదా ఇంకా ఎక్కువ అనుకోండి. దయచేసి ఆ కాగితం చూసి జీవితాంతం గోధుమ మాన్పించకండి.

పాజిటివ్ వస్తే తర్వాత టీటీజీ ఐజీఏ (సీలియాక్ ఉంటే రక్తంలో పెరిగే యాంటీబాడీని చూసే టెస్టు), దాంతోపాటే టోటల్ ఐజీఏ (ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీ మొత్తం ఎంతుందో చూసేది). ఒంట్లో ఐజీఏ తక్కువున్న పిల్లల్లో జబ్బున్నా టీటీజీ నార్మల్ వస్తుంది, అందుకే రెండూ కావాలి. టీటీజీ టెస్టుకు మాత్రం గోధుమ తింటూ ఉండాలి. మన దగ్గర అన్నం, జొన్నరొట్టెల మీదే బతికే ఇళ్లలో టీటీజీ మోసం చేసేది ఇందుకే. పెద్దవాళ్లయితే రోజుకు 3 గ్రాముల గ్లూటెన్, అంటే ఒకటో ఒకటిన్నరో చపాతీ, 6-8 వారాలు తినమంటారు. బాబుకు ఎంతో, ఎన్నాళ్లో పిల్లల గ్యాస్ట్రో డాక్టరు చెప్తారు. ఇప్పుడు నార్మల్ వచ్చినా రెండు మూడేళ్లకోసారి చూపించాలి. ఎదుగుదల ఆగినా, రక్తం తగ్గినా, విరేచనాలు పట్టినా అంతదాకా ఆగొద్దు.

పాప కోసం ఇంకొకటి. జొన్నల్లో గ్లూటెన్ లేదు గానీ గిర్నిలో ముందు గోధుమలు ఆడితే ఆ పిండి రాళ్ల మధ్యే ఉండిపోయి మీ జొన్నపిండిలో కలుస్తుంది. జొన్నలు కడిగి ఆరబోసి ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోండి, ఆ జల్లెడ గోధుమపిండికి వాడకండి. ఇంగువ డబ్బా కూడా చూడండి, చాలావాటిలో మైదా కలుపుతారు.