డౌన్ పేమెంట్ కట్టిన మర్నాడు మీ ఖాతాలో ఎంత ఉంటుంది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక పల్లె. వయసు 36. జేసీబీ ఆపరేటర్‌గా నెలకు 24,000 జీతం, ఇంటి ఖర్చు 22,000. మూడెకరాల పొలం ఉంది, రైతు భరోసా వస్తుంది. బ్యాంకులో 2 లక్షలు దాచాను. సొంత బండి కొనాలని ఉంది. బాబ్‌క్యాట్ అని పిలిచే స్కిడ్ స్టీర్ లోడర్ (ముందు బకెట్‌తో సరుకు ఎత్తిపోసే చిన్న బండి) 20 లక్షలు చెప్పారు. 4 లక్షలు కడితే మిగతా 16 లక్షలు 8 శాతం ఫ్లాట్ వడ్డీకి, నాలుగేళ్లకు ఇప్పిస్తామంటున్నారు. నా 2 లక్షలకు తోడు ఇంకో 2 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాను. రెండు రైస్ మిల్లుల వాళ్లు పని ఇస్తామన్నారు. గంటకు వెయ్యి చొప్పున రోజుకు ఐదు గంటలు, నెలకు 25 రోజులు నడిపినా 1,25,000 వస్తుంది. నాన్న మాత్రం ట్రాక్టరే కొనమంటున్నారు. ట్రాలీ, రోటవేటర్‌తో కలిపి 11 లక్షలవుతుంది. ఏది మంచిది?

జవాబు: ఏ బండి అన్నది తర్వాత చూద్దాం. డౌన్ పేమెంట్ కట్టిన మర్నాడు మీ ఖాతాలో ఎంత ఉంటుంది? మీరు రాసిన ప్రకారం సున్నా. పైగా బయటి అప్పు. సొంత బండి మీద మనసుపడ్డ ఆపరేటర్లు, డ్రైవర్లు చాలామంది చేసే పొరపాటు ఇదే. మీ ప్రశ్నను ఎంచుకున్నదీ అందుకే.

మీ 1,25,000 సంగతి చూడండి. గంటకు నాలుగు లీటర్ల డీజిల్ అనుకున్నా 125 గంటలకు దాదాపు 50,000 పోతుంది. ఫ్లాట్ వడ్డీ అంటే నాలుగేళ్ల వడ్డీ 5,12,000 ముందే అసలుకు కలిపి 48 నెలలకు పంచుతారు. కిస్తీ 44,000. అసలు తీరుతున్నా వడ్డీ తగ్గదు కాబట్టి 8 అని చెప్పిన ఆ వడ్డీ నిజానికి 14 శాతం పైమాటే. నూటికి రెండు అప్పుకు నెలకు 4,000. అన్నీ పోగా మీ చేతికి 27,000. అదీ వాన పడని, మిల్లు ఆగని, మీకు జ్వరం రాని నెలలో. గ్రీజు, హైడ్రాలిక్ పైపులు, టైర్లు ఇందులో లేనే లేవు. ముందు చక్రాలు తిప్పి మలుపు తీసుకునే బండి కాదది, టైర్లను నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంది. మిల్లు ఆవరణలోని సిమెంటు నేల మీద దాని టైర్లు ఎలా అరుగుతాయో ఆపరేటర్‌కు నేను చెప్పాలా? ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు డీసీఎం వ్యానులో ఎక్కించి తరలించాలి, ఆ కిరాయీ మీదే. ఇంత తలనొప్పి పెట్టుకుంటే ఇప్పటి జీతం కంటే పెరిగేది 3,000!

ఇక పని లేని నెల. 2023 జూలై చివర్లో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మీకు అదేమంత దూరం కాదు. అలాంటి వానలకు పనులన్నీ ఆగిపోతాయి, కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా ఖాతాలోంచి వెళ్తుంది. ఖాతాలో లేకపోతే బౌన్స్ చార్జీ. మూడు నెలలు దాటితే మొండి బాకీ, ఆ తర్వాత బండి ఫైనాన్స్ వాళ్ల యార్డులో ఉంటుంది.

ఆరు నెలల ఇంటి ఖర్చు, మూడు నెలల కిస్తీ విడిగా పెట్టుకోనిదే అప్పు చేసి బండి కొనొద్దని ఎవరడిగినా చెబుతాను. మీకు ఇంటి ఖర్చు ఆరు నెలలకు 1,32,000. లోడర్ కిస్తీలు మూడు, అదీ 1,32,000. మొత్తం 2,64,000, అదీ డౌన్ పేమెంట్ కాకుండా. మీ 2 లక్షలు ఈ నిధికే చాలవు. ఆపద వస్తే ఇంట్లో బంగారం ఉందనుకుంటున్నారేమో, అది ఇంకో అప్పుకు దారి మాత్రమే. రైతు భరోసా ఎకరాకు ఏటా 12,000 లెక్కన 36,000. ఒక్క కిస్తీకి సరిపోదు, పైగా అది సాగు పెట్టుబడికి ఇచ్చే డబ్బు.

బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. బండి నడిపేది మీరే, కిస్తీ కట్టేదీ మీరే. మీకు జరగరానిది జరిగితే రైతు బీమా కింద ఇంటికి వచ్చేది 5 లక్షలు, మీరు చేయబోయే అప్పు 18 లక్షలు. మిగిలిన బరువు ఎవరి మీద పడుతుందో ఆలోచించారా? కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ, దాంతోపాటు ప్రమాద బీమా తీసుకోండి. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగిన మాట నిజమే. అది ఆస్పత్రి బిల్లు కడుతుంది, మీరు మంచాన ఉన్న నెల కిస్తీ కట్టదు.

రెండింట్లో ఒకటి చెప్పాల్సి వస్తే మీ నాన్నగారి మాటే నాదీ. ట్రాక్టర్ దుక్కికి, దమ్ముకు, మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలడానికి అన్నిటికీ పనికొస్తుంది. లోడర్ మీ పొలంలో దిగదు. వ్యవసాయ రుణమైతే పంట చేతికొచ్చే వేళకు ఆరు నెలలకోసారి కట్టే వీలు బ్యాంకుల్లో ఉంటుంది. అమ్మాల్సి వస్తే మండలంలోనే బేరం కుదురుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, లోడర్ మీద 18 శాతం. రోటవేటర్ అద్దెకు దొరుకుతుంది, కొనకండి. వ్యవసాయానికని రిజిస్టర్ చేయించి ఇసుక, ఇటుక కిరాయికి తోలినా, ట్రాలీలో కూలీలను ఎక్కించినా ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

అయితే ట్రాక్టర్ కూడా ఇప్పుడే వద్దు. ఉద్యోగం మానకుండా రెండు పంటల మిగులు పక్కన పెట్టండి, నిధి నిండాక బ్యాంకుకు వెళ్లండి. లోడర్ మీదే మనసుంటే నెలకు ఇన్ని గంటల పని ఇస్తామని మిల్లుల వాళ్లను కాగితం మీద రాసివ్వమనండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

నూటికి రెండు అప్పు ఇప్పటికే మాట్లాడుకుని ఉంటే ఈ వారమే వద్దని చెప్పండి. డీలర్‌కు బయానా ఇచ్చి ఉంటే రసీదు పట్టుకెళ్లి వెనక్కి అడగండి, కొంత కోసుకున్నా సరే తెచ్చుకోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఎవరి దగ్గరైనా ఉంటే అన్నిటికంటే ముందు అవి తిరిగి తీసుకోండి.