జపాన్‌లో సాగా వైపు షిరోయిషి అనే ఊళ్ళో ఉల్లి పొలాల్లో పనికి ఆఫర్ వచ్చింది. ఊరు సముద్రం పక్కనే అంటున్నారు. అక్కడ ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న కింద "సాయంత్రం పూట బీచ్‌కి వెళ్ళొచ్చా" అని రాశారు చూడండి, అక్కడ నవ్వాపుకోలేకపోయాను. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. రెండేళ్ళు అక్కడే ఉల్లి, తామర దుంపల పని చేశాను. బీచ్ లేదండీ. ఇసక కూడా కనపడదు. ఊరి చివర మన కృష్ణ కరకట్ట లాంటి గట్టు ఉంటుంది, దాని అవతల అరియాకె సముద్రం. పొద్దున గట్టెక్కితే కింద నీళ్ళు కొట్టుకుంటుంటాయి. మధ్యాహ్నం అదే చోటుకొస్తే సముద్రం ఎటు పోయిందో తెలీదు, చూపు ఆనినంత దూరం బూడిద రంగు బురదే. దాని మీద ముత్సుగొరో అనే చేపలు రెక్కల మీద పాకుతూ గెంతుతుంటాయి. పోటుకీ పాటుకీ మధ్య తేడా ఆరు మీటర్ల దాకా వస్తుంది, జపాన్‌లో ఇంత తేడా ఇంకెక్కడా లేదు. మాది అవనిగడ్డ దగ్గర, పోటూ పాటూ చూస్తూ పెరిగినవాణ్ణే. అయినా మొదటిరోజు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఊళ్ళో చాలా భాగం వందల ఏళ్ళుగా గట్టు ముందుకు జరుపుకుంటూ సముద్రం నుంచి లాక్కున్న నేలే. అందుకే బల్లపరుపుగా ఉంటుంది. మట్టి మన రేగడిలాగే, తడిస్తే కాలు వదలదు. మొదటి వారంలోనే నా బూటు తామర మడిలో ఉండిపోయింది, సాక్సుతో అడుగేశాను. షాచో (యజమానిని అలాగే పిలుస్తాం) ఏమీ అనలేదు, ముందు మడమ ఎత్తి తర్వాత వేళ్ళు లాగాలని చేసి చూపించాడు. అది వంటబట్టడానికి నాకు నెల పట్టింది. చలికాలంలో ఆ మడిలో దుంప విరగకుండా తీయడమే అన్నిటికన్నా కష్టమైన పని. విరిగితే కంతల్లోకి మట్టి దూరుతుంది, రేటు పడిపోతుంది.

ఉల్లి పని కాస్త నయం. వరి కోసిన పొలంలోనే మళ్ళు కట్టి నవంబర్, డిసెంబర్‌లో నారు నాటతారు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పీకుతారు. ఉల్లి పంటకి జపాన్‌లో పేరున్న చోట్లలో సాగా ఒకటి, అందులో షిరోయిషిదే పెద్ద వాటా. ఫిబ్రవరిలో మాత్రం ఒక వింత పని చెప్తారు. చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకుని సాళ్ళ వెంట నడుస్తూ, ఆకు పాలిపోయి వంకర తిరిగిన మొక్కల్ని ఏరి పీకాలి. బూజు తెగులు అక్కడి నుంచే పొలమంతా అంటుకుంటుంది. పీకింది గట్టున పడెయ్యకూడదు, సంచిలో వేసి బయటికి మోసుకుపోవాల్సిందే. ఒకసారి నేను నాలుగు మొక్కలు కాలవలోకి విసిరాను. షాచో భార్య వంగి ఒక్కొక్కటీ ఏరి నా సంచిలో వేసింది. తిట్టినా బాగుండేది. ఆ జాగ్రత్త ఎందుకో తర్వాత తెలిసింది, 2016లో ఈ తెగులుతోనే సాగా ఉల్లి దారుణంగా దెబ్బతింది.

ఇక వానలు. ఆ ఊళ్ళో వాన పడుతుందంటే ముందు పోటు ఎన్నింటికో చూస్తారు. పొలాల్లో నీళ్ళు కాలవల్లోకి, అక్కడి నుంచి గేట్ల గుండా నదిలోకో సముద్రంలోకో పోవాలి. పోటు మీదున్నప్పుడు గేట్లు తెరిస్తే సముద్రమే లోపలికొస్తుంది. ఊరి పక్కన పారే రోక్కాకు నదిలో పోటు దాదాపు 29 కిలోమీటర్లు ఎగువకి ఎక్కుతుంది. అంటే గేట్లు మూసి, పంపులతో తోడుకుంటూ, పాటు వచ్చేదాకా కాచుకోవాలి. 2019లోనూ 2021లోనూ ఆగస్టు వానలకి ఆ చుట్టుపక్కలంతా మునిగింది. నేనున్నప్పుడు ఒక జూలై రాత్రి అందరం షెడ్డులో నారు ట్రేలు, ఎరువు బస్తాలు పై అరల్లోకి ఎక్కించాం. షాచో మధ్యమధ్యలో గోడకున్న పోటు క్యాలెండర్ మీద టార్చి వేసి చూసుకునేవాడు. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే పోటు పెద్దదవుతుంది, అందరికీ టెన్షనే. మీ గది నేలమట్టం మీదా, మేడ మీదా అన్నది ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి.

చిక్కుల సంగతి కూడా చెప్తాను. టోకుతెయ్ గినో (పని నైపుణ్యం ఉన్నవాళ్ళకిచ్చే) వీసా అయితే మొదటి రకంలో మామూలుగా మొత్తం ఐదేళ్ళే, కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. జపాన్ కార్మిక చట్టంలో పని గంటలు, వారం సెలవుల నిబంధనలు వ్యవసాయానికి వర్తించవు. కాబట్టి వారం సెలవు, ఓవర్‌టైమ్ ఒప్పందంలోనే రాసి ఉన్నాయో లేదో చూడండి. నన్ను పంపిన ఏజెంటు గది అద్దె జీతంలో కోస్తారన్న మాట చెప్పనే లేదు, మొదటి జీతం స్లిప్పు చూశాక తెలిసింది. భాషకి ఎన్4 (జపనీస్ పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు) సరిపోతుందంటారు కానీ పెద్దవాళ్ళు మాట్లాడేది సాగా యాస, "గబాయ్" అంటే "చాలా" అని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

సెలవు దొరికితే రైల్లో తారా వెళ్ళిరండి, దగ్గరే. కొండల మీద కమలా తోటలు, కింద సముద్రంలో మూడు ఎర్ర తోరణాలు, అంటే వాళ్ళ గుళ్ళ ముందుండే ద్వారాలు. పాటుకి బురదలో నిలబడి ఉంటాయి, పోటుకి నీళ్ళలో తేలుతున్నట్టుంటాయి. పోటు టైము చూసుకుని వెళ్ళి రెండూ చూసేదాకా ఉండండి.

తిండికి ఇబ్బంది లేదు, బియ్యం వాళ్ళే ఇచ్చేవారు. పండక్కి సుకో జుషి పెట్టారు, పెట్టెలో అదిమిన అన్నం మీద గట్టు దగ్గర గెంతిన ఆ చేప ముక్కే. రుచిగానే ఉంది. అక్కడి ఉల్లి మాత్రం మన కూరలకి పనికిరాదు, ఘాటే ఉండదు. మొదటిసారి ఉల్లిపాయ పులుసు పెడితే బెల్లం వేసినట్టు తియ్యగా వచ్చింది. కారం కాస్త ఎక్కువే పట్టుకెళ్ళండి.